బటన్ లాగి పెడితే ప్రోగ్రాము

2003లో బండారులంక నుంచి మేము నలుగురం సైకిళ్ల మీద అమలాపురంలోని ఒక కంప్యూటర్ సెంటరుకు వెళ్లేవాళ్లం. నలుగురికీ కలిపి ఒకటే కంప్యూటరు. అక్కడ నేర్చుకున్నది విజువల్ బేసిక్ 6. ఇప్పటి తమ్ముళ్లలో చాలామంది ఈ పేరు విని ఉండరు. అందుకే అదేమిటో, ఎందుకు వెనకబడిందో మాకు తెలిసినంతలో చెబుతాం.

అంతకు ముందు విండోస్‌లో ఒక ఖాళీ విండో తెరిపించాలన్నా సీ భాషలో పేజీ నిండా కోడ్ రాయాల్సి వచ్చేది. 1991లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన విజువల్ బేసిక్ ఆ బాధ తప్పించింది. తెర మీద ఒక ఫారం ఉంటుంది. పక్కనున్న టూల్‌బాక్స్ నుంచి బటన్, టెక్స్ట్ బాక్స్ తీసుకుని మౌసుతో దాని మీద పెట్టాలి. బటన్ మీద డబుల్ క్లిక్ చేసి, అది నొక్కితే ఏం జరగాలో మాత్రం రాయాలి. ఎఫ్5 కొట్టగానే ప్రోగ్రాము నడుస్తుంది. 1995లో బోర్లాండ్ కంపెనీ పాస్కల్ భాషతో డెల్ఫీ తెచ్చింది. దాని పద్ధతీ ఇదే.

మాలో ఇద్దరు బి.కాం. చదివేవాళ్లు. అయినా మూడు నెలల్లో హాస్టల్ మెస్ లెక్కల ప్రోగ్రాము తయారుచేశాం. హాజరు వేస్తే బియ్యం, పప్పు ఎంత ఖర్చయిందో, స్టాకు ఎంత మిగిలిందో చూపించేది. ఆ రోజు మా ఆనందం అంతా ఇంతా కాదు.

వార్డెన్ గారు చూసి మెచ్చుకుని, "పేర్లు తెలుగులో రావా?" అన్నారు. అక్కడే ఆగిపోయాం. తెలుగులో కొడితే బాక్సులో వరసగా ప్రశ్నార్థకాలే! విజువల్ బేసిక్ 6 లోపల యూనికోడ్ ఉన్నా, దాని బాక్సులు అక్షరాలను విండోస్ పాత కోడ్ పేజీలోకి మార్చి చూపిస్తాయి. తెలుగుకు అలాంటి కోడ్ పేజీ లేనే లేదు. డీటీపీ వాళ్ల ఫాంటు పెడితే తెలుగు కనబడింది గానీ, లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే. పేర్లు అకారాది క్రమంలో పెట్టమంటే తలకిందులుగా వచ్చాయి. చివరకు ఇంగ్లీషు పేర్లతోనే సరిపెట్టాం.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. 2002లో వచ్చిన విజువల్ బేసిక్ డాట్‌నెట్‌లో పాత కోడ్ ఉన్నదున్నట్టు నడవలేదు. 2005 మార్చిలో వీబీ6కు మామూలు సపోర్టు ఆపేశారు. ప్రోగ్రామర్లు పిటిషన్ పెట్టినా ఫలితం లేదు. 2008 ఏప్రిల్‌తో మిగిలిన సపోర్టూ ముగిసింది. డెల్ఫీని తీర్చిదిద్దిన ఆండర్స్ హేల్స్‌బర్గ్ 1996లోనే మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి, తర్వాత సీషార్ప్ రూపొందించారు. డెల్ఫీ 2008లో చేతులు మారింది. ఇప్పటికీ దొరుకుతోంది, అలాంటిదే లాజరస్ ఉచితంగానూ ఉంది.

కంపెనీలను మాత్రమే అనడం న్యాయం కాదు. మన ప్రోగ్రాములో చిన్న తప్పు దిద్దినా ప్రతి కంప్యూటరు దగ్గరికీ సీడీ పట్టుకుని వెళ్లాలి. ఏదో ఒక డీఎల్ఎల్ లేదని అది మొండికేసేది. వెబ్‌సైటయితే సర్వర్లో ఒకచోట మారిస్తే చాలు. మన స్కాలర్‌షిప్ దరఖాస్తులూ అలాగే ఈపాస్ ద్వారా ఆన్‌లైనులోకి వెళ్లాయి. కానీ వెబ్‌కు హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, సర్వరు, డేటాబేసు అన్నీ కావాలి. బి.కాం. కుర్రాడు మూడు నెలల్లో అందుకునే ఎత్తు కాదది.

మా నలుగురిలో ఒకడు వీబీనే నమ్ముకుని కొబ్బరి వ్యాపారులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాశాడు. కొత్త పని దొరక్క రెండేళ్లు ఇబ్బంది పడ్డాడు. చివరికి నిలబెట్టింది వీబీతో పాటు నేర్చుకున్న ఎస్‌క్యూఎల్. ఇప్పుడు హైదరాబాదులో డేటాబేస్ ఉద్యోగం. పాత వీబీ6 ప్రోగ్రాములు విండోస్ 11లోనూ నడుస్తాయి కాబట్టి, సంక్రాంతికి ఊరొస్తే ఒక షావుకారు కొట్టుకు వెళ్లి బిల్లు సరిచేసి వస్తుంటాడు.