గవ్వ పేరు పెట్టుకున్న నోటు

మనలో పాత నాణేలు దాచుకునేవారు చాలామందే కనిపిస్తారు. కాగితపు నోట్లు పోగుచేసేవారు తక్కువ. వారు కూడా నిజాం సిక్కా నోటు దగ్గరో, ఆరో జార్జి బొమ్మ ఉన్న రూపాయి దగ్గరో ఆగిపోతారు. నా దగ్గర మాత్రం ఘనా దేశపు నోట్లకు ప్రత్యేకంగా ఒక ఆల్బం ఉంది. ఎక్కడి ఆఫ్రికా, నీకెందుకయ్యా అని అడిగేవారికి నేను చూపించేవి మూడే నోట్లు: 1958 నాటి ఒక పౌను, 1965 నాటి ఒక సెడి, 1967 నాటి ఒక కొత్త సెడి. తొమ్మిదేళ్ళు నిండకుండానే ఒక దేశం మూడు రకాల డబ్బు చూసింది.

గోల్డ్ కోస్ట్ అని పిలిచిన ఆ దేశం 1957 మార్చి 6న స్వతంత్రమై ఘనా అయింది. అంతవరకు అక్కడ చెల్లినది పశ్చిమ ఆఫ్రికా కరెన్సీ బోర్డు నోటు. 1912లో ఏర్పడిన ఆ బోర్డు డబ్బే నైజీరియా, సియెర్రా లియోన్, గాంబియాలలోనూ చెల్లేది. 1958 జులైలో ఘనా సొంత పౌను వచ్చింది. విలువ ఇంగ్లండు పౌనుతో సరిసమానం. ముందువైపు అక్రాలోని బ్యాంకు భవనం, వెనుకవైపు రెండు కుప్పలుగా పోసిన కోకో కాయలు. మనిషి బొమ్మ లేదు. కోకో పంటలో ప్రపంచంలో మొదటి స్థానం అప్పట్లో ఘనాదే కనుక ఆ బొమ్మ తగినదే.

గొడవంతా నాణేల మీద వచ్చింది. వాటి మీద ప్రధాని క్వామే ఎన్‌క్రుమా తల వేశారు. చిత్రమేమిటంటే ఘనా గణతంత్రమైంది 1960లో. అంటే నాణేలు వచ్చేనాటికి ఎలిజబెత్ ఇంకా ఆ దేశానికి రాణే! రాణి తల ఎందుకు తీసేస్తున్నారో ఎన్‌క్రుమా 1957లోనే ఒక లండన్ పత్రికలో వివరించాడు. మా ప్రజల్లో చదువురానివారు ఎక్కువ, స్వాతంత్ర్యం వచ్చిందని వారికి గుర్తుల ద్వారానే చెప్పగలం అన్నది ఆయన వాదన. మాట సబబుగానే ఉంది. మనమూ 1949లో రూపాయి నోటు మీద రాజు స్థానంలో అశోక స్తంభపు సింహాలను పెట్టుకున్నాం కదా. అయితే మనం బతికున్న నాయకుడిని పెట్టలేదు. గాంధీగారు అన్ని నోట్ల మీదికీ రావడం 1996లో మొదలైన వరుసతోనే. ఈ తేడా చిన్నది కాదని నా అభిప్రాయం.

1965 జులైలో పౌను పోయి సెడి వచ్చింది. అకాన్ భాషలో గవ్వను సూచించే మాట నుంచి ఈ పేరు పుట్టింది. పశ్చిమ ఆఫ్రికాలో వందల ఏళ్ళు చెల్లిన గవ్వల్లో చాలా భాగం మన పక్కనున్న మాల్దీవుల నుంచి ఓడల్లో వెళ్ళినవే. వాటితో మనుషులను కూడా కొన్నారు. ఒడిశాలోనూ ఒకప్పుడు శిస్తు గవ్వల్లోనే కట్టేవారు. కంపెనీవారు వెండి రూపాయలే కావాలనడం 1817 నాటి పైకా తిరుగుబాటుకు ఒక కారణమైంది. "చేతిలో చిల్లిగవ్వ లేదు" అనే మనకు సెడి పరాయి మాట ఎలా అవుతుంది?

ఈ సెడి విలువ ఎనిమిది షిల్లింగుల నాలుగు పెన్నీలు. ఇదేం లెక్క అని మొదట నాకూ అనిపించింది. పెన్నీల్లోకి మార్చితే సరిగ్గా నూరు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన 1957లో మనం రూపాయిని అలాగే ఉంచి చిల్లర మార్చాం. ఘనా చిల్లరను ఉంచి పెద్ద నాణేన్ని మార్చింది. పెన్నీయే పెసెవా అయింది.

ఈసారి నోటు మీద కోకో కాయలు లేవు, ఎన్‌క్రుమా ముఖం ఉంది. అప్పటికి దేశంలో మిగిలింది ఒకే పార్టీ. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1958 నుంచీ ఉంది. ఆ ఏడాదే కోకో ధర దారుణంగా పడిపోయింది. 1966 ఫిబ్రవరి 24న ఆయన చైనాలో ఉండగా సైన్యం అధికారం తీసుకుంది. అక్రాలో ఆయన విగ్రహాన్ని కూల్చారు. కానీ సంతలో బేరమాడే ప్రతి చేతిలోనూ ఆయన ముఖం ఇంకా ఉంది. దాన్ని తీసేయడానికి కొత్త సెడి వచ్చింది, పాతవి 1.20 ఇస్తే కొత్తది ఒకటి. నా నోటు మీద తేదీ 23 ఫిబ్రవరి 1967, అంటే కుట్రకు ఏడాది నిండడానికి ఒక్కరోజు ముందు. ముఖం ఉన్న చోట కాయలు కాసిన కోకో చెట్టు.

పోగుచేయదలచినవారికి ఒక మాట. 1958 నోట్లలో మొదటి గవర్నరు ఎగిల్‌స్టన్ సంతకం ఉన్నవి మొదటివి. ఆయన స్కాట్లండు మనిషి. తర్వాత వచ్చిన కెసెల్స్ కూడా ఘనావాడు కాదు. సంతకం మారిందో లేదో చూసుకుని కొనండి. 1000 పౌన్ల నోటు బ్యాంకుల మధ్య లెక్కలకు వాడినది, దాని జోలికి పోవద్దు. మడతలు పోవాలని నోటును తడిపి ఇస్త్రీ చేసేవారున్నారు. అలా చేస్తే కాగితం బిరుసు పోయి నోటు పాడవుతుంది. బజారులో దొరికే చవక పి.వి.సి. కవర్లలో పెడితే మన సముద్రతీరపు ఊళ్ళ ఉక్కకు అవి నోటుకు అంటుకుపోతాయి.

నాలుగో పేజీలో 2007 నాటి నోటు పెట్టాను. ఆ జులైలో 10,000 పాత సెడీలను ఒక్క ఘనా సెడి చేశారు. దాని మీద స్వాతంత్ర్య పోరాటపు ఆరుగురు నాయకులున్నారు. ఎన్‌క్రుమా మళ్ళీ వచ్చాడు, ఈసారి ఒంటరిగా కాదు. పక్కనే డాంక్వా ఉన్నాడు. ఎన్‌క్రుమా ప్రభుత్వపు జైల్లో 1965 ఫిబ్రవరిలో, మొదటి సెడి రావడానికి అయిదు నెలల ముందు చనిపోయిన మనిషి ఆయన.