యంత్రం వ్రాసుకొనే దినచర్య

మార్కుల పట్టికలు, ప్రవేశ పత్రాలు, ఉపకార వేతనాల లెక్కలు నేడు బీరువాలను వీడి సర్వర్‌లలోకి చేరుతున్నవి. అట్టి సర్వర్ ఒకనాడు ఆగిపోతే, "ముందుగా ఏ సూచనా లేదు" అని వాపోతాము. చాలా సందర్భాలలో సూచన ఉంటుంది, చదివినవారే ఉండరు.

యూనిక్స్ వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. దానిపై నడిచే సర్వర్ తనలో జరిగే ముఖ్య విషయాలను తేదీ, సమయాలతో సహా ఒక ఫైలులో వ్రాసుకొంటుంది. దానినే లాగ్ అంటారు. 1980వ దశకంలో ఎరిక్ ఆల్‌మన్ రూపొందించిన సిస్‌లాగ్ ఈ పద్ధతికి ప్రసిద్ధ సాధనం. అందులో సందేశాల తీవ్రతకు 0 నుండి 7 వరకు ఎనిమిది తరగతులు కలవు. అంకె తగ్గిన కొద్దీ ప్రమాదం హెచ్చు.

అయితే తీవ్రతను తెలిపే అంకెనే నమ్ముకొనరాదు. ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైతే ఈసీసీ అనే ఏర్పాటు దానిని తానే సరిదిద్దుతుంది; "దోషం సవరించబడింది" అనే అర్థం గల సందేశం లాగ్‌లో పడుతుంది. ఒకేచోట రెండు బిట్లు చెడితే మాత్రం పసికట్టగలదే గాని సరిదిద్దలేదు. అప్పుడు తరచుగా యంత్రమే ఆగిపోతుంది. ఎప్పుడో ఒక సవరణ జరిగితే భయపడనక్కరలేదు. ఒకే ర్యామ్ పేరు పదేపదే కనిపిస్తే అది హెచ్చరిక. గూగుల్, టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, సవరించదగిన దోషాలు కనబడిన ర్యామ్‌లలో సవరించలేని దోషాలు కలిగే అవకాశం ఎంతో ఎక్కువ.

మరొక సంగతి. సందేశంలో పేరున్న భాగమే దోషి అనుకొనరాదు. అది దోషాన్ని గమనించిన సాక్షి మాత్రమే కావచ్చును. డిస్కులో ఒకే సెక్టారు వద్ద పఠన దోషం మరల మరల వస్తే డిస్కునే అనుమానించాలి. సమాచారం చేరే దారిలో సీఆర్‌సీ దోషాలు వస్తుంటే ముందు కేబుల్‌ను చూడాలి. అనేక డిస్కులు ఒక్కసారే మొరపెడితే వాటికి ఉమ్మడిగా ఉన్న కంట్రోలర్‌నో, విద్యుత్ సరఫరానో పరీక్షించాలి.

నాడి చూడకుండా మందిచ్చే హకీమును ఎవరూ నమ్మరు. ఇక్కడా అంతే. మొదట సమాచారానికి నకలు తీయాలి. లాగ్‌ను చెరిపివేయక వేరొక యంత్రంలో దాచాలి. తొలి సందేశం ఏ సమయాన వచ్చినదో, అంతకు ముందు ఏమి మారినదో చూడాలి. తరువాత ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చాలి. యంత్రాన్ని ఆపి, అనుమానించిన ర్యామ్‌ను వేరే స్లాట్‌లో అమర్చి చూచినపుడు, దోషం దాని వెంట వస్తే ర్యామ్ చెడినది. పాత స్లాట్‌లోనే నిలిస్తే బోర్డును అనుమానించాలి. రెండింటినీ ఒకేమారు మారిస్తే కారణం ఎన్నటికీ తెలియదు.

రోజుకు పది నిమిషాలు లాగ్ చదివే బాధ్యతను ఒకరికి అప్పగించడం కళాశాల పాలకవర్గానికి పెద్ద ఖర్చు కాదు. చదవడం నేర్చిన విద్యార్థికి అదొక విద్య. చదవనినాడు నష్టపోయేది యంత్రం కాదు, ఆ ఫైళ్ళలో పేరున్న పేద విద్యార్థి.