దళితవాడ కోసం సభలో లేచేదెవరు?

బనగానపల్లెలో విద్యార్థులతో దళిత రాజకీయాల గురించి మాట్లాడినప్పుడల్లా నేను జె.ఈశ్వరీబాయి పేరు తప్పక ప్రస్తావిస్తాను. 1918లో సికింద్రాబాద్‌లో దళిత కుటుంబంలో పుట్టిన ఆమె, అంబేడ్కర్ సంకల్పించిన రిపబ్లికన్ పార్టీ తరఫున 1967లో ఎల్లారెడ్డి రిజర్వుడు స్థానం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడాది కంచికచర్లలో దొంగతనం అంటగట్టి దళిత యువకుడు కోటేశును సజీవదహనం చేసినప్పుడు సభలో ప్రభుత్వాన్ని నిలదీశారు. రిజర్వేషన్ ఆమెకు సభ తలుపు తెరిచింది. అధికార పక్షానికి రుణపడని పార్టీ ఆమె గొంతుకు స్వేచ్ఛనిచ్చింది.

నేటి నంద్యాల జిల్లాలో ఎస్సీ రిజర్వుడు స్థానం నందికొట్కూరు ఒక్కటే. బనగానపల్లె, ఆళ్లగడ్డ, నంద్యాల జనరల్ స్థానాలు. ఇక్కడ దళితుల ఓటు అడగని అభ్యర్థి లేడు. దళితవాడపై దాడి జరిగితే సొంత పార్టీనైనా సభలో ప్రశ్నిస్తారా అని ఆ అభ్యర్థులను ముందుగా అడగవలసింది మనమే.