ఇంట్లో షుగరు మీటరు – ఎంతవరకు నమ్మవచ్చు?

గత వేసవిలో ఒక రాత్రి ఒక పెద్దావిడను ఆటోలో మా అత్యవసర విభాగానికి తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది. సాయంత్రం ఇంట్లో మీటరు 312 చూపించిందని కొడుకు ఇన్సులిన్ పెంచి వేశాడట. మేము పరీక్షిస్తే 48 ఉంది. ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. మామిడిపండ్లు కోసిన చేతులు కడుక్కోకుండానే వేలు గుచ్చారు. రక్తంతోపాటు వేలిమీది మామిడి రసాన్ని కూడా మీటరు లెక్కగట్టింది. గ్లూకోజు ఎక్కించాక ఆవిడ తేరుకున్నారు.

అప్పటినుంచి ఓ.పి.కి వచ్చినవారిని మీటరు గురించి అడుగుతున్నాము. "ఖరీదైనది కొన్నామండీ, తప్పు చూపదు" అంటారు కొందరు. "అవన్నీ ఉత్తవే, ల్యాబే నయం" అంటారు ఇంకొందరు. రెండు మాటలూ సరికావు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, షుగరు 100 గానీ అంతకు మించి గానీ ఉన్నప్పుడు మీటరు లెక్క ల్యాబు లెక్కకు 15 శాతం అటూఇటుగా ఉండవచ్చు. ల్యాబులో 200 వస్తే మీటరులో 170 వచ్చినా, 230 వచ్చినా అది పాడైనట్టు కాదు.

ఇక ఖర్చు. మీటరు చవకే, అసలు భారం స్ట్రిప్పులది. ఒక కంపెనీ మీటరుకు ఇంకో కంపెనీ స్ట్రిప్పు సాధారణంగా పనికిరాదు. కాబట్టి కొనేముందే 50 స్ట్రిప్పుల ధర ఎంతో, మీ ఊరి మందుల షాపులో దొరుకుతాయో లేదో అడగండి. డబ్బు ఆదా చేద్దామని గడువు దాటినవి వాడకండి. డబ్బా మూత వెంటనే బిగించండి, తేమ తగిలితే స్ట్రిప్పు పాడవుతుంది. ఒకాయన స్ట్రిప్పులను కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చారు! చెమటకు తడిసిన స్ట్రిప్పు చెప్పే అంకెను ఎలా నమ్మేది?

వేలు గుచ్చకుండానే షుగరు చెబుతాయని అమ్మే వాచీలు, ఉంగరాల జోలికి పోకండి. అటువంటి వాటిలో దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. మన సంతలో, ఫోనులో వచ్చే ప్రకటనల్లో అవి కనిపిస్తూనే ఉన్నాయి.

ఈసారి పరగడుపున రక్తపరీక్షకు వచ్చేటప్పుడు మీ మీటరు, స్ట్రిప్పుల డబ్బా వెంట తెచ్చుకోండి. ల్యాబులో రక్తం తీసిన వెంటనే మీటరుతోనూ చూసి, రెండు అంకెలూ మీ చీటీమీద పక్కపక్కనే రాసి ఇస్తాము. అంతవరకు, ఎప్పుడూ లేనంత పెద్ద అంకె కనబడితే ఇన్సులిన్ పెంచకండి. చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని, ఇంకో స్ట్రిప్పుతో మళ్ళీ చూడండి. అప్పటికీ అంతే వస్తే వెంటనే మాకు ఫోను చేయండి.