సాక్ష్యము పలుకు ప్రయోగశాల

హైదరాబాదు నగరమునకు దక్షిణమున శంషాబాదు కలదు. 2008వ సంవత్సరమున విమానాశ్రయము వెలసిన పిమ్మట ఇది దేశదేశముల ప్రయాణికులకు ముఖద్వారమైనది. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి ఈ ప్రాంతమున నొక యువతి దారుణహత్యకు గురియైనది. దేహము కాలిపోవుటచే ఆమె ఎవరో ధ్రువపరచుటకు డి.ఎన్.ఏ. పరీక్ష జరుపవలసివచ్చెను. అనుమానితులు నలుగురును, న్యాయస్థానమున విచారణ జరుగకమునుపే, డిసెంబరు 6న పోలీసు కాల్పులలో మరణించిరి. న్యాయము ఆలస్యమగునని విసిగిన జనులు పలువురు సంతోషించిరి. కాని సుప్రీంకోర్టు నియమించిన విచారణసంఘము 2022లో ఆ కాల్పులను తప్పుపట్టెను. తొందరయు ఆలస్యమును లేక సత్యమును తేల్చు మార్గమేది?

మన శరీరమునందలి దాదాపు ప్రతి కణములోను తల్లినుండి సగము, తండ్రినుండి సగము సంక్రమించిన డి.ఎన్.ఏ. అను సూక్ష్మపదార్థము కలదు. ఒకే అండమునుండి జనించిన కవలలకు తప్ప, దాని అమరిక ఏ ఇరువురికిని ఒక్కటి కాదు. రక్తపుబొట్టు, వెంట్రుక కుదురు, ఉమ్మితడి, ఏది దొరకినను చాలును. శాస్త్రజ్ఞులు అందుండి డి.ఎన్.ఏ.ను వేరుచేసి, యంత్రముతో దానికి లెక్కకు మిక్కిలి ప్రతులు చేసి, అనుమానితుని నమూనాతోనో, బంధువుల నమూనాతోనో పోల్చి చూతురు.

ఈ పద్ధతిని 1984లో ఇంగ్లండునందు అలెక్ జెఫ్రీస్ కనుగొనెను. నేరపరిశోధనలో దాని తొలి ఫలితము, చేయని హత్యను ఒప్పుకొన్న యువకుడొకడు నిర్దోషియని తేలుట. మన దేశమున 1988 ప్రాంతమున హైదరాబాదునందలి సి.సి.యం.బి.లో లాల్జీసింగు స్వదేశీయమైన పద్ధతిని రూపొందించెను.

అయితే అన్ని జిల్లాలనుండి ముద్రవేసిన పొట్లములు కొలది ప్రయోగశాలలకే చేరును. శిక్షణ పొందినవారు కొందరే, రసాయనములు ఖరీదైనవి. తొందరలో ఒక నమూనా మరొకదానిని తాకినచో ఫలితమే చెడును. అందుచే పొట్లములు పేరుకొనును. నిర్దోషి చెరసాలలో మ్రగ్గును. దోషి స్వేచ్ఛగా తిరుగును. బాధితుల తల్లిదండ్రులు న్యాయస్థానపు గుమ్మమున నిరీక్షింతురు.

స్త్రీల భద్రతకై కేంద్రప్రభుత్వము 2013లో వేయి కోట్ల రూపాయలతో నిర్భయనిధిని నెలకొల్పెను. దానినుండి రాష్ట్రములలోని డి.ఎన్.ఏ. ప్రయోగశాలలకును సాయము లభించినది. 2024 జూన్‌లో 2,254.43 కోట్ల రూపాయల మరొక పథకమును కేంద్రమంత్రివర్గము ఆమోదించెను. నూతన ప్రయోగశాలలును, నిపుణులను తీర్చు విశ్వవిద్యాలయ ప్రాంగణములును నిర్మించుట దాని ఉద్దేశము. ఆ అవసరము పెరుగుచునే యున్నది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన నూతనచట్టము ప్రకారము, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్షగల నేరములందు నిపుణుడు నేరస్థలమును దర్శించి సాక్ష్యము సేకరింపవలెను. రాష్ట్రములు ఇందుకు ఐదేండ్లలోగా సిద్ధపడవలెను.

యంత్రమును ధనముతో కొనవచ్చును. నిపుణుని తీర్చుటకు ఏండ్లు పట్టును. నేడు విజ్ఞానశాస్త్రమును శ్రద్ధతో చదువు బాలబాలికలనుండియే ఆ నిపుణులు రావలసియున్నారు.