మీకు తెలుసా? పోలీసు బూట్ల బలరాం

మొన్న ఆదివారం అనంతపురం ఆర్డీటీ మైదానం పక్కన ఓ పిల్లోడు ఎర్రటి పోర్చుగల్ చొక్కాలో కనిపించాడు. వీపున 7, పైన రొనాల్డో పేరు. శెనక్కాయ చేలోంచి లేచొచ్చినట్టు మోకాళ్ల దాకా మన్ను. 'మనోళ్లెవురన్నా ఒలింపిక్స్‌లో గోలు కొట్టినారా సార్?' అని అడిగాడు.

కొట్టినాడప్పా. ఒకటి కాదు, రెండు. ఆయన పేరు తులసీదాస్ బలరాం.

1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. ఇల్లు తమిళులది, ఆట మాత్రం అచ్చంగా హైదరాబాదుది. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లతోనే చెప్పులు కుట్టేవాడి చేత ఆట బూట్లు చేయించుకున్నాడట. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం కంట్లో పడ్డాడు. సాధనకు రోజూ నగరానికి రావాలంటే సైకిల్ లేదన్నాడు. రహీం సాబ్ అద్దె సైకిల్‌కు డబ్బులిచ్చాడు. ఆ అద్దె దేశానికి బాగానే గిట్టింది.

1956లో మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో బలరాం ఉన్నాడు. అక్కడ మనది నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంతకు పైమెట్టు ఇప్పటికీ ఎక్కలేదు. 1960 రోమ్‌లో భారత్ చేసిన గోల్సే మూడు. ఫ్రాన్స్ మీద పి.కె. బెనర్జీది ఒకటి, హంగరీ, పెరూల మీద మిగతా రెండూ బలరాంవి. హంగరీతో మ్యాచ్ 1-2తో పోయింది. వాళ్లకు రెండో గోలు కొట్టిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ మామూలోడు కాదు. 1967లో యూరప్ మేటి ఆటగాడిగా బాలన్ డి ఓర్ అందుకున్నాడు. రెండేళ్ల ముందు అదే బహుమతి పోర్చుగల్ యూసేబియోది. రొనాల్డో చొక్కా తొడుక్కున్న మన పిల్లోడికి ఈ చుట్టరికం భలే నచ్చింది.

1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ బలరాంవే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. అప్పటికే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. అదే ఏడు ఊపిరితిత్తుల జబ్బు బలరాం ఆటనూ ఆపేసింది. వయసు ఇరవై ఏడు దాటలేదు.

చివరి రోజులు హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో గడిపి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. రహీం కథతో 'మైదాన్' సినిమా థియేటర్లకొచ్చింది ఆ తర్వాతి ఏడాదే.