టర్బో దగ్గర ఆయిల్ కారుతోందా? మార్చే ముందు ఇవి చూడండి

లారీకి గానీ, ట్రాక్టరుకు గానీ టర్బో దగ్గర ఆయిల్ తడి కనిపించగానే కొత్త టర్బో వేయించకండి. చాలాసార్లు తప్పు పక్కనున్న పైపుల్లోనే ఉంటుంది.

ఇంజన్ చల్లారాక టర్బో చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడవండి. పది నిమిషాలు స్టార్టింగులో ఉంచి టార్చిలైటు వేసి చూడండి. అన్నిటికంటే పైన ఎక్కడ తడిసిందో అక్కడే లీకేజీ. పైనున్న సన్న పైపు బోల్టు దగ్గరైతే కొత్త వాషర్లతో పని అయిపోవచ్చు.

కిందనున్న లావు రిటర్న్ పైపును ఎక్కువమంది పట్టించుకోరు. ఆయిల్ అందులోంచి తన బరువుతోనే ఇంజన్‌లోకి దిగాలి. ఆ పైపు నొక్కుకుపోయినా, లోపల మడ్డి పేరుకున్నా ఆయిల్ దిగక సీళ్ల నుంచి బయటికి తన్నుకొస్తుంది. ఇంజన్ బ్రీదర్ పైపు మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. వరికోతల దుమ్ములో తిరిగిన బండైతే ఎయిర్ ఫిల్టర్ కూడా విప్పి చూడండి. అది పూడుకుపోతే గాలితోపాటు ఆయిల్‌నూ లాగేస్తుంది.

ఇవన్నీ బాగుంటే, ఇంజన్ ఆపి, చల్లారాక ఎయిర్ పైపు తీసి షాఫ్టును వేళ్లతో కదపండి. పక్కలకు కొద్దిగా ఆడటం మామూలే. రెక్కలు గోడకు రాసుకున్న గీతలుంటే మాత్రం టర్బో విప్పాల్సిందే. కొత్తది బిగించే ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చి, పైపులు, ఇంటర్‌కూలర్ కడిగించండి.

ఎయిర్ పైపులో ఆయిల్ నిలిచి, సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంటే బండి నడపొద్దు. ఆ ఆయిలే డీజిల్‌లా మండి, తాళం తీసినా ఇంజన్ ఆగకుండా రేజ్ అవుతుంది. అలా జరిగితే పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి క్లచ్ వదలండి. ఎయిర్ పైపుకు చెయ్యి అడ్డం పెట్టకండి.